క్యాంపు మానేస్తానంటున్న బాబు గురించి

అక్కా, మీ తొమ్మిదేళ్ల బాబు రెండు రౌండ్లకే ఆయాసపడి క్రికెట్ క్యాంపు మానేస్తానంటున్నాడని రాశారు కదా, తిట్టకండి, ముందు పిల్లల డాక్టరుకు చూపించండి, ఆస్తమా ఉన్నా రక్తం తక్కువున్నా ఇలాగే ఆయాసం వస్తుంది. మా పాపకు రక్తం తక్కువని అలాగే తెలిసింది.

ఈ వయసు పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు కదిలేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, అది క్రికెట్టే కానక్కర్లేదు. మన అనంతపురంలో ఆర్డీటీ అనే సేవా సంస్థ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) దగ్గర హాకీ, ఫుట్‌బాల్, జూడో ఉన్నాయి, 2010లో మొదలైన నాదల్ టెన్నిస్ స్కూలు కూడా ఉంది. ఒక సాయంత్రం ఊరికే తీసుకెళ్లి చూపించండి, మా పాపయితే జూడో మ్యాట్ దగ్గర నా కొంగు పట్టుకుని కదల్లేదు.

ఎండెక్కాక మాత్రం పంపొద్దు. ఆడి రాగానే మజ్జిగ, గుప్పెడు ఉడికించిన చెనిక్కాయలు పెట్టండి.