ఆసు, 6 వస్తే ఆగాలా, ఇంకో ముక్క అడగాలా?

బ్లాక్‌జాక్ పేకాటలో ఆసు, 6 చేతికొస్తే 17 అయింది కదా అని ఆగుతున్నానని, ఎక్కువసార్లు ముక్కలు పంచే డీలరే గెలుస్తున్నాడని రాశారు. 21 దాటకుండా డీలర్ కన్నా ఎక్కువ తెచ్చుకోవాల్సిన ఈ ఆటలో ఆ రెండు ముక్కలతో ఎప్పుడూ ఆగకండి. డీలర్ ఎలాగూ 17 వచ్చేదాకా తీస్తూనే ఉంటాడు. కాబట్టి 17 దగ్గర ఆగినవాళ్లు గెలవాలంటే అతను 21 దాటిపోవాల్సిందే.

మీ ఆసు 11 నుంచి 1కి మారగలదు, అంచేత ఇంకో ముక్కతో మీరు 21 దాటే ప్రసక్తే లేదు. రాజు, రాణి, జాకీ, పది ఏది పడినా మళ్లీ 17. 4 పడిందా, ఏకంగా 21! 8 పడి 15 అయితే కొంచెం టెన్షనే. అయినా డీలర్ 7 గానీ అంతకన్నా పెద్దది గానీ చూపిస్తుంటే మళ్లీ అడగాల్సిందే.

అతని ముందు తెరిచి ఉన్న ముక్క 3 నుంచి 6 లోపుదైతే పందెం రెట్టింపు చేయండి. అప్పుడు ఒక్క ముక్కే ఇస్తారు.