పంపిన సవరణకు జవాబు రాకపోతే మళ్లీ అడగవచ్చా?

ఓపెన్ సోర్స్ (ఎవరైనా కోడ్ చూసి మార్పులు పంపగల) ప్రాజెక్టుకు సవరణ పంపి మూడు వారాలైనా ఉలుకూ పలుకూ లేదు, మళ్లీ అడిగితే విసిగించినట్లు అవుతుందేమో అన్నది మీ సందేహం. నిరభ్యంతరంగా అడగండి. కనీసం ఒక వారం ఆగి గుర్తు చేయవచ్చని లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి లినక్స్ కెర్నెల్ ప్రాజెక్టు మార్గదర్శకాలే చెబుతాయి.

మౌనాన్ని తిరస్కారం అనుకోవడమే అసలు పొరపాటు. ఎదురుగా ఉన్న మనిషికి తీరిక లేదో, మన పని నచ్చలేదో ముఖం చూస్తే తెలుస్తుంది. తెర మీద ఆ రెండూ ఒకేలా కనిపిస్తాయి.

పైగా ప్రపంచమంతా వాడే సాఫ్ట్‌వేర్‌ను కూడా కొన్నిచోట్ల ఒక్కరే, జీతం లేకుండా చూసుకుంటారు. ఎక్స్‌జెడ్ యుటిల్స్ అనే, ఫైళ్లను కుదించే సాఫ్ట్‌వేర్ అలాంటిదే. తన మానసిక ఆరోగ్యం బాగాలేదని దాని నిర్వాహకుడు 2022లో చెప్పుకున్నా పని త్వరగా ముందుకు సాగాలంటూ కొందరు ఒత్తిడి ఆపలేదు. ఆ రోజుల్లో సాయానికి వచ్చి, తర్వాత బాధ్యతలు అందుకున్న ఖాతా నుంచే అందులోకి దొంగదారి, అంటే ఇతరుల కంప్యూటర్లలోకి రహస్యంగా చొరబడే వీలు కల్పించే కోడ్, చేరింది. 2024 మార్చిలో గాని అది బయటపడలేదు. నన్ను ఇప్పటికీ కలచివేసే ఉదంతం ఇది.

అందుకే "ఇంకా ఎందుకు చూడలేదు?" అనకండి. "ఇందులో నేను మార్చవలసింది ఏమైనా ఉందా?" అని ఒక్క వాక్యం రాయండి. క్షమాపణలతో పేరా నింపవద్దు, చదివేవారికి మిమ్మల్ని ఓదార్చే పని కూడా పడుతుంది.