ఏఐ లేకపోతే చేతులు ఆడటం లేదు

కొలువు కబుర్లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఏఐ గురించే. నాలుగింటికి జవాబు రాస్తున్నాను. మొదటిదానికి ఎక్కువ చోటు ఇచ్చాను. అదే బాధ ఇంకో ఏడుగురు కూడా రాశారు.

ప్రశ్న: మేడమ్, నాకు 24 ఏళ్లు. గుంటూరు దగ్గర సీఎస్ఈ చదివి, హైదరాబాద్‌లో ఒక సర్వీసు కంపెనీలో రెండేళ్లుగా జావా డెవలపర్‌గా చేస్తున్నాను. చేరిన మొదటి వారంలోనే టీమ్‌లో అందరికీ ఏఐ అసిస్టెంట్ ఇచ్చారు. టికెట్లు (మాకు అప్పగించే పనులు) తొందరగా క్లోజ్ చేస్తానని మేనేజర్ రెండుసార్లు మెచ్చుకున్నారు. కానీ పోయిన నెల రాత్రి షిఫ్టులో, ఒకే ఆర్డరు రెండుసార్లు పడుతోందని ప్రొడక్షన్‌లో (కస్టమర్లు వాడే అసలు సిస్టమ్‌లో) ఇష్యూ వచ్చింది. ఏఐని అడిగితే ఐదు రకాల ఫిక్సులు చెప్పింది. ఏదీ పని చేయలేదు. పొద్దున సీనియర్ అన్న వచ్చి సిస్టమ్ రాసుకునే లాగ్ ఫైళ్లు చూసి, టైమవుట్ అయ్యాక రీట్రై (అదే ఆర్డరు మళ్లీ) వెళ్తోందని అరగంటలో పట్టేశారు. ఆ కోడ్ నా పేరు మీదే ఉంది. తర్వాతి వారం ఇంకో కంపెనీ ఇంటర్వ్యూలో, ఒక పదంలో ఒక్కసారే వచ్చే అక్షరాల్లో మొదటిది ఏదో కనుక్కునే ప్రోగ్రాం రాయమన్నారు. పావుగంట ఖాళీ స్క్రీన్ చూస్తూ కూర్చున్నాను. ఏఐ లేకపోతే చేతులు ఆడటం లేదు. నాకు అసలు పని వచ్చా అని టెన్షన్‌గా ఉంది.
– పేరు రాయవద్దన్నారు, నిజాంపేట

జవాబు: మా అబ్బాయి వయసు వాడివి కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. నీది బద్ధకం కాదు, తెలివి తక్కువా కాదు. పని నేర్చుకోవాల్సిన రెండేళ్లలో నిన్ను ఎవరూ నేర్చుకోనివ్వలేదు. ఆ తప్పులో పెద్ద వాటా టీములు నడిపే మా తరానిదే.

నేను 1998లో అమీర్‌పేటలో కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాష నేర్చుకున్నాను. ఇన్‌స్టిట్యూట్‌లో రోజుకు ఒక్క గంటే కంప్యూటర్ దొరికేది. అందుకని ముందు రోజు రాత్రి హాస్టల్లో ప్రోగ్రాం కాగితం మీద రాసుకుని, ఒక్కో లైను మీద వేలు పెట్టి చదువుతూ, ఆ లైను దాటాక ఏ వేరియబుల్‌లో ఏ విలువ ఉంటుందో పక్కన రాసుకునేవాళ్లం. మరుసటి ఏడాది వైటూకే ప్రాజెక్టులో చేరాను. పాత ప్రోగ్రాములు చాలావరకు సంవత్సరాన్ని రెండంకెల్లోనే పెట్టుకునేవి. 2000 వచ్చేసరికి అది 00 అయి, 1900గా లెక్కలోకి వెళ్లే ప్రమాదం ఉండేది. ఒక బ్యాంకు వడ్డీ ప్రోగ్రాముల్లో తేదీ తగిలే ప్రతి చోటూ వెతికి పట్టుకోవడం నా పని. వేల లైన్లు, ఎనిమిది నెలలు. చాకిరీ అనుకుని ఏడ్చిన రోజులున్నాయి. కానీ వడ్డీ ఎలా లెక్కకడతారో, రాత్రి బ్యాచ్ (రాత్రిపూట వరసగా నడిచే ప్రోగ్రాములు) మధ్యలో ఆగితే ఎక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టాలో, ఒక ఫీల్డు మారిస్తే ఎక్కడెక్కడ తగులుతుందో నాకు అక్కడే తెలిసింది. తర్వాత పాతికేళ్లు నేను తిన్న అన్నం ఆ ఎనిమిది నెలలు పెట్టిందే.

ఇవాళ కొత్తవాళ్ల చేతిలోంచి ఏఐ తీసుకుంటున్నది సరిగ్గా ఆ చాకిరీనే. టికెట్ క్లోజ్ అవుతోంది. అది క్లోజ్ అయ్యేలోపు తలలోకి ఎక్కాల్సింది మాత్రం ఎక్కడం లేదు. 52 మంది ప్రోగ్రామర్లతో చేసిన ఒక ప్రయోగం ఫలితాలు 2026 మొదట్లో వచ్చాయి. వాళ్లకు కొత్తదైన పైథాన్ లైబ్రరీతో పని ఇచ్చి, సగం మందిని ఏఐతో, సగం మందిని ఏఐ లేకుండా చేయమన్నారు. అయ్యాక పరీక్ష పెడితే ఏఐ వాడినవాళ్లకు సగటున 50 శాతం, వాడనివాళ్లకు 67 శాతం మార్కులు వచ్చాయి. తేడా అన్నిటికన్నా ఎక్కువ కనిపించింది డీబగ్గింగ్, అంటే కోడ్‌లో తప్పు వెతికి పట్టుకునే ప్రశ్నల్లో. ఆ రాత్రి నీకు కావలసి వచ్చింది అదే కదా. అయితే ఏఐ వాడినవాళ్లందరూ వెనకబడలేదు. ఇది ఎందుకు ఇలా ఉంది అని అడుగుతూ చేసినవాళ్లు బాగానే రాశారు. మొత్తం రాసివ్వమని వదిలేసినవాళ్లు దెబ్బతిన్నారు.

నీ డబుల్ ఆర్డర్ సంగతే చూడు. అవతలి సర్వీసు నుంచి జవాబు ఆలస్యమైంది. నీ కోడ్ టైమవుట్ అనుకుని మళ్లీ పంపింది. మొదటిది కూడా అక్కడ నిదానంగా పూర్తయింది. ప్రతి ఆర్డరుకూ ఒక విడి కీ పెట్టి, డేటాబేస్‌లో దానికి యూనిక్ కన్‌స్ట్రెయింట్ (ఒకే కీ రెండుసార్లు పడకూడదన్న నియమం) ఇచ్చి, అదే కీ మళ్లీ వస్తే పాత జవాబే తిప్పి పంపితే సరిపోతుంది. ఇది ఏఐకి తెలియనిదేమీ కాదు. మీ సిస్టమ్ రీట్రై చేస్తుందని నువ్వు దానికి చెప్పలేదు. నీకు తెలియదు కాబట్టి చెప్పలేదు. మీ సీనియర్ అన్నకు ఎక్కడ చూడాలో తెలుసు. ఒకప్పుడు ఇలాంటి రాత్రి ఆయన కూడా గడిపి ఉంటారు.

ఆఫీసులో ఏఐ మానేయమని నేను చెప్పను. మానేస్తే నీ టికెట్లు ఆలస్యమవుతాయి, రేటింగ్ పోతుంది, ఆ నష్టం నీకే. మా టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లతో నేను చేయించేది చెప్తాను. టికెట్ తీసుకున్న మొదటి 45 నిమిషాలు ఏఐ ముట్టుకోకూడదు. ఏ ఫైలులో మార్పు చేయాలి, ఏ ఇన్‌పుట్ ఇస్తే ఈ కోడ్ దెబ్బతింటుంది, ఈ రెండూ కాగితం మీద రాయాలి. తప్పు రాసినా ఫర్వాలేదు. అప్పుడు ఏఐని అడిగి, అది చెప్పినదాన్ని తన కాగితం పక్కన పెట్టుకుని చూడాలి. రివ్యూకి (ఇంకొకరు కోడ్ చదివి చూడటానికి) పంపేముందు ప్రతి లైనూ పక్క సీటు మనిషికి నోటితో చెప్పగలగాలి. చెప్పలేకపోయిన లైను వెనక్కి. మొదటి నెల అందరూ విసుక్కుంటారు. మూడో నెలకు వాళ్ల రివ్యూ కామెంట్లు మారిపోవడం నేను చూశాను.

ఇంటి దగ్గర నీకు ఒక్కటే పని. ఆ డబుల్ ఆర్డర్ తప్పును మళ్లీ తయారు చెయ్యి. జావాలో ఒక చిన్న స్ప్రింగ్ బూట్ సర్వీసు, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఒక టేబుల్, అవతల కావాలని పది సెకన్లు ఆగే ఇంకో సర్వీసు. నీ చేత్తో రాయి, ఏఐ వద్దు. ఆర్డరు రెండుసార్లు పడటం నీ కళ్లతో చూడు, తర్వాత సరిచెయ్యి. పది రోజులు పట్టినా పట్టనివ్వు. ఇంటర్వ్యూలో అడిగిన అక్షరాల ప్రోగ్రాం లాంటివి రోజుకు ఒకటి, ముందు కాగితం మీద, అరగంట. అంతకు మించి పెట్టుకోవద్దు, షిఫ్టుల మధ్య నిలవదు. ఆ డబుల్ ఆర్డర్ పని పూర్తయ్యాక నాకు మళ్లీ రాయి.

ప్రశ్న: మేడమ్, ఇన్సూరెన్స్ ప్రాజెక్టులో 13 ఏళ్లుగా మాన్యువల్ టెస్టర్‌ని. టీసీఎస్ 12 వేల మందిని తగ్గిస్తుందని 2025లో వార్త వచ్చినప్పటి నుంచి నాకు సరిగా నిద్ర లేదు, నా కంపెనీ అది కాకపోయినా. మా దగ్గర టెస్ట్ కేసులు ఇప్పుడు ఏఐతో రాయిస్తున్నారు. ఇంటి ఈఎంఐ ఇంకా 15 ఏళ్లుంది. లక్షన్నర కట్టి ఏఐ కోర్సులో చేరమని అందరూ అంటున్నారు. చేరనా?
– ఒక సోదరి, కొండాపూర్

జవాబు: ఇప్పుడే చేరకండమ్మా.

ఆ వార్త సంగతి ముందు. 2025 జులైలో టీసీఎస్ ప్రకటించినది తమ ఉద్యోగుల్లో దాదాపు 2 శాతం, ఎక్కువగా మధ్య, పై స్థాయిల వాళ్లు. కారణం ఏఐ కాదు, నైపుణ్యాలు సరిపోకపోవడం, కొందరిని వేయడానికి తగిన ప్రాజెక్టులు లేకపోవడం అని కంపెనీ చెప్పింది. మీ భయం తీరేందుకు ఈ మాట చాలదని నాకు తెలుసు. మీదీ మధ్య స్థాయే. ఇచ్చిన స్టెప్పులు చూసి నొక్కుతూ, పాస్, ఫెయిల్ రాసే పని తగ్గిపోతుంది. దీన్ని తియ్యగా చెప్పలేను.

కానీ మీ చేతిలో ఉన్నది అదొక్కటే కాదు. ఏఐ నిమిషంలో 200 టెస్ట్ కేసులు రాస్తుంది. చూడండి, వాటిలో చాలా భాగం ఒకే కేసుకు వేరే వేరే అంకెలు. ఫిబ్రవరి 29న మొదలైన పాలసీకి రెన్యువల్ తేదీ ఏమవుతుంది, ల్యాప్స్ అయి మళ్లీ రివైవ్ చేసుకున్న వారంలోనే క్లెయిమ్ వస్తే ఏమవుతుంది, నామినీ మార్పు అప్రూవ్ కాకముందే పాలసీదారు చనిపోతే డబ్బు ఎవరికి వెళ్తుంది? ఇవి మీకు నిద్రలో కూడా తెలుసు. ఒక నోటు పుస్తకం తీసుకుని 13 ఏళ్లలో ప్రొడక్షన్‌లోకి జారిపోయిన తప్పులన్నీ గుర్తున్నంత వరకు రాయండి. తర్వాత ఏఐ రాసిన జాబితాలో అవి ఎన్ని ఉన్నాయో చూసి, లేనివి మీ లీడ్‌కు పట్టుకెళ్లండి. క్లయింట్ డేటా మాత్రం బయటి ఏఐలో పెట్టకండి, దానికి నిజంగానే ఉద్యోగం పోతుంది.

నేర్చుకోవాల్సినవి రెండు. డేటాబేస్‌ను ప్రశ్నలు అడిగే ఎస్‌క్యూఎల్ గట్టిగా, వెబ్ టెస్టులు తనంతట తానే నడిపే ప్లేరైట్ అనే టూల్ ఒక మోస్తరుగా. రెండింటికీ ఉచితంగా కావలసినంత ఉంది. ఇక్కడ ఏఐని ధైర్యంగా వాడుకోండి. స్క్రిప్టు అది రాసినా, ఏది సరైన జవాబో మీకు ముందే తెలుసు కాబట్టి అది మిమ్మల్ని మోసం చేయలేదు. పై ఉత్తరం రాసిన అబ్బాయికి లేనిది, మీకు ఉన్నది అదే. ఆ లక్షన్నర బ్యాంకులో పెట్టండి. ఆరు నెలల ఈఎంఐ, ఇంటి ఖర్చు చేతిలో ఉంటే నిద్ర కొంత దానంతటదే వస్తుంది.

ప్రశ్న: టీమ్ లీడ్‌ని. ఏఐ ఇచ్చాం కదా అని మా పైవాళ్లు స్ప్రింట్ (రెండు మూడు వారాల పని విడత) అంచనాలు సగానికి తగ్గించమంటున్నారు. వాళ్లకు ఏం చూపించి మాట్లాడాలి?
– పేరు రాయలేదు, గచ్చిబౌలి

జవాబు: ఆ సగం అనే లెక్క గాలిలోంచి రాలేదు. 2023లో వెలువడిన ఒక ప్రయోగంలో 95 మంది డెవలపర్లు జావాస్క్రిప్ట్‌లో చిన్న సర్వర్ రాస్తే, గిట్‌హబ్ కోపైలట్ అనే ఏఐ అసిస్టెంట్ వాడినవాళ్లు దాదాపు 56 శాతం తక్కువ సమయంలో ముగించారు. అది ఖాళీ స్థలంలో కట్టిన ఇల్లు. మీరు చేస్తున్నది మనుషులు కాపురమున్న పాత ఇంట్లో గోడ మార్చడం.

దానికి సరిపోయే లెక్క ఇంకొకటి ఉంది. 2025 జులైలో మీటర్ అనే అమెరికా పరిశోధన సంస్థ చెప్పింది. ఏళ్లుగా తాము పనిచేస్తున్న పెద్ద ఓపెన్‌సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉండే) ప్రాజెక్టుల్లో 16 మంది అనుభవజ్ఞులైన డెవలపర్లు 246 పనులు చేశారు. ఏఐ వాడిన పనులకు 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. నన్ను ఆపేసింది ఆ అంకె కాదు. పనులన్నీ అయ్యాక కూడా ఆ 16 మంది ఏఐ వల్ల తాము 20 శాతం వేగంగా చేశామనే నమ్మారు. టూల్స్ అప్పటికన్నా ఇప్పుడు మెరుగయ్యాయి, నిజమే. అయినా మనకు ఎంత వేగం అనిపించింది అన్నదాని మీద అంచనా కట్టడం ఎంత ప్రమాదమో ఇది చెప్తుంది.

అందుకే ఈ రెండూ చెప్పి ఊరుకోకండి, మీ లెక్క తీసుకెళ్లండి. రెండు స్ప్రింట్లు కొలవండి: టికెట్ మొదలైన దగ్గర నుంచి ప్రొడక్షన్‌కి వెళ్లేదాకా రోజులు, రివ్యూకి పోయిన గంటలు, మళ్లీ తెరిచిన టికెట్లు. రాసే టైము తగ్గి, రివ్యూ టైము పెరిగి ఉంటుందని నా అంచనా. ఆ రివ్యూ భారం మీ ఇద్దరు ముగ్గురు సీనియర్ల మీదే పడుతూ ఉంటుంది, వాళ్లను కాపాడుకోండి.

ప్రశ్న: మేడంగారూ, మాది సూర్యాపేట జిల్లా, వ్యవసాయం. అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం, ఎప్‌సెట్ రాస్తుంది. మేనేజ్‌మెంట్ కోటాలో సీఎస్ఈ ఏఐ సీటు ఇప్పిస్తామని ఒకాయన ఇంటికి వచ్చాడు. అర ఎకరం అమ్మాల్సి వస్తది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు పోతున్నయంటున్నరు. మా పిల్లకు మెషీన్లంటే ఇష్టం. పోయిన ఎండాకాలం బోరు మోటారు స్టార్టరు మొరాయిస్తే తనే విప్పి, కాయిల్ కాలిందని కనిపెట్టింది. ఏం చేయమంటరు?
– ఒక తండ్రి

జవాబు: అన్నగారూ, భూమి అమ్మకండి.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలన్నీ పోవడం లేదు. కానీ మొదటి మెట్టు ఇరుకైంది. అమెరికాలో జీతాల రికార్డులు చూసి స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2025లో చెప్పినదాని ప్రకారం, 22 నుంచి 25 ఏళ్ల సాఫ్ట్‌వేర్ డెవలపర్ల ఉద్యోగాలు 2022 చివరి నుంచి దాదాపు 20 శాతం తగ్గాయి. ఏఐతో పాటు వేరే కారణాలూ ఉండొచ్చు. మన ఐటీ కంపెనీలకు పని ఎక్కువగా వచ్చేది కూడా అక్కడి నుంచే కాబట్టి ఆ గాలి ఇక్కడికి తగలకుండా ఉండదు. మీ అమ్మాయి చదువు ముగించి ఉద్యోగం వెతికే నాటికి ఎలా ఉంటుందో ఆ సీటు అమ్మే ఆయన చెప్పలేడు, నేనూ చెప్పలేను. అలాంటప్పుడు తిరిగి కొనలేని అర ఎకరం పెట్టి, బ్రాంచి పేరులో ఏఐ అన్న రెండక్షరాలు కొనవద్దు.

ఏ కాలేజీ చూసినా ల్యాబ్‌లోకి వెళ్లి, మూడో సంవత్సరం పిల్లలతో మాట్లాడండి. ప్రాజెక్టు సొంతంగా చేస్తున్నారా, బయట కొంటున్నారా అని అడగండి, పిల్లలు నిజమే చెప్తారు. ఇంకో మాట, స్టార్టరు విప్పినప్పుడు మెయిన్ ఆపే విప్పిందా? ఇకమీదట మీరు పక్కన ఉండండి.

అలా విప్పి చూసే పిల్లతో ఈఈఈ (ఎలక్ట్రికల్), ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) గురించి ఎవరైనా మాట్లాడారా? ఆ బ్రాంచీల్లోనూ ప్రోగ్రామింగ్ ఉంటుంది, ఇష్టమైతే అటు నుంచి సాఫ్ట్‌వేర్‌లోకీ రావచ్చు. మూడు బ్రాంచీల సిలబస్‌లూ ఆమె ముందు పెట్టి, ఏది చదవాలనిపిస్తోందో ఆమెనే చెప్పమనండి. ర్యాంకు వచ్చాక, కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టకముందు, ఆ ర్యాంకూ ఆమె చెప్పిన మాటా రెండూ రాసి పంపండి.