పంపడం కాదు, వినడమే బ్యాటరీని తినేస్తోంది

ప్రశ్న: బీటెక్ ఫైనలియర్ ప్రాజెక్టు కోసం మా మామిడితోటలో ఎనిమిది సెన్సర్ నోడ్‌లు (సెన్సరూ రేడియో ఉన్న చిన్న బోర్డులు) పెట్టాం. వైఫై, టవర్ ఏమీ లేవు. నేల తేమ వివరాలు ఒక నోడ్ నుంచి ఇంకోదానికి అందుకుంటూ షెడ్డులోని ల్యాప్‌టాప్‌కి చేరతాయి. అరగంటకోసారే పంపుతున్నా రెండు ఏఏ బ్యాటరీలు ఐదారు రోజుల్లో అయిపోతున్నాయి. ట్రాన్స్‌మిట్ పవర్ తగ్గించినా తేడా లేదు. రేడియో చిప్ సీసీ2420. ఏం చెయ్యాలి?
- ఒక విద్యార్థిని, చిత్తూరు జిల్లా

జవాబు: మీ రేడియో డేటాషీట్ ఒకసారి తీసి చూడండమ్మా. పూర్తి పవర్‌తో పంపేటప్పుడు 17.4 మిల్లీ ఆంపియర్లు, వినేటప్పుడు 18.8. అంటే ఎవరైనా పిలుస్తారేమోనని ఊరికే చెవి ఒగ్గి కూర్చోవడానికే ఎక్కువ ఖర్చవుతోంది. ఎంత పెద్ద ప్యాకెట్టయినా గాల్లో ఉండేది నాలుగైదు మిల్లీసెకన్లు, మిగతా అరగంటంతా వినడమే. బ్యాటరీ 2500 మిల్లీ ఆంపియర్ అవర్స్ అనుకుని 18.8తో భాగిస్తే 133 గంటలు, సరిగ్గా మీ ఐదున్నర రోజులు!

కాబట్టి రేడియోని నిద్రపుచ్చాలి. వందలో ఒక వంతు సమయమే మేలుకున్నా లెక్కప్రకారం ఏడాది దాటుతుంది. చిక్కల్లా పక్క నోడ్ నిద్రపోతుంటే మీ ప్యాకెట్ ఎవరు అందుకుంటారన్నదే. 2004లో వచ్చిన బీమ్యాక్ అనే పద్ధతిలో నోడ్‌లు తరచుగా ఒక్క క్షణం లేచి విని పడుకుంటాయి, పంపే నోడ్ అవి లేచేదాకా ముందుగా పొడవైన సంకేతం ఇస్తుంది. మీకు అంత అక్కర్లేదు, అందరూ ఒకే టైముకి లేస్తే చాలు. కాకపోతే గడియారాలు జారతాయి: పది లక్షల్లో 40 వంతుల తేడా ఉండే క్రిస్టల్ (నోడ్ గడియారాన్ని నడిపేది) అరగంటలో 72 మిల్లీసెకన్లు తప్పుతుంది, ఒకటి ముందుకీ ఇంకోటి వెనక్కీ పోతే 144. అందుకే వినాల్సిన నోడ్‌ని 150 మిల్లీసెకన్లు ముందే లేపి, ఆ తర్వాత ఇంకో 150 దాకా ఆగమనండి, ప్యాకెట్ వచ్చిన ప్రతిసారీ టైము సరిచెయ్యండి.

ఇంకోటి, షెడ్డు పక్క నోడే ముందు చచ్చిపోతుంది, ఎందుకంటే మిగతా ఏడింటి బరువూ అదే మోస్తుంది. అక్కడ రెండు పెట్టి వంతులవారీగా పని చేయించండి. నేల తేమ అరగంటకోసారి తెలియాల్సినంత వేగంగా ఏమీ మారదు, నాలుగు రీడింగులు ఒకే ప్యాకెట్‌లో రెండు గంటలకోసారి పంపితే నయం. అప్పుడు గడియారాల జారుడూ నాలుగింతలవుతుంది కాబట్టి ఆ 150 మిల్లీసెకన్లని 600 చెయ్యండి.

ఇదంతా చేశాక బ్యాటరీ వైరు మధ్యలో మల్టీమీటర్ పెట్టి చూడండి. నిద్రలో కూడా మిల్లీ ఆంపియర్లలో చూపిస్తే ఏదో మేలుకునే ఉన్నట్టు, ముందు బోర్డు మీద ఎల్ఈడీ వెలుగుతోందేమో చూడండి.