టోక్యోలో సాధన మొదలుపెట్టబోతున్న మేనల్లుడికి

చిరంజీవి రాఘవకు మేనత్త ఆశీర్వదించి వ్రాయునది.

జపాను యోగ గురువు నకమురా టెంపూ పద్ధతి నేర్పే తరగతిలో చేరుతున్నావని మీ అమ్మ చెప్పినప్పటి నుంచి ఒక పక్క గర్వంగా, మరో పక్క గుబులుగా ఉంది. మీ మామయ్య ఉద్యోగరీత్యా టోక్యోలో ఉన్నన్నాళ్ళు నేను చేసిన సాధన అదే కనుక, నీవు అడగకపోయినా వ్రాస్తున్నాను.

వదులు బట్టలు, ఖాళీ కడుపు సంగతి నీకు చెప్పనక్కరలేదు. మడిచిన కాళ్ళు తిమ్మిరెక్కితే తటాలున లేవవద్దు.

రైలు తప్పిపోయినప్పుడు, పై అధికారి గొంతు పెంచినప్పుడు, భుజాలు జార్చి, గుదాన్ని లోపలికి బిగించి, బొడ్డు కింద బలం నిలపమని టెంపూ నేర్పారు. కోపం తలకెక్కకముందే ఆ పని జరిగిపోవాలంటే, కోపం లేని వేళల్లో, గిన్నెలు తోముతూనో మెట్లెక్కుతూనో, వందసార్లు చేసి ఉండాలి. రాత్రి పడుకోబోయే ముందు అద్దంలో నీ కనుబొమల మధ్య చూస్తూ, 'నీ మనసు గట్టిపడుతుంది' అని నీకు నీవే ఆజ్ఞాపించుకోవాలి. నేనలా నిలబడితే మీ మామయ్య దుప్పటి ముసుగులో నవ్వేవారు. నవ్వనీ, మానకు.

టెంపూ క్షయరోగంతో అమెరికా, ఐరోపాలు తిరిగి, చివరకు హిమాలయ ప్రాంతంలో ఒక యోగి వద్ద సాధన చేసి కోలుకున్నారని, 1919లో టోక్యోలో బోధన ప్రారంభించి 92 ఏళ్ళు బ్రతికారని అక్కడ నీకూ చెబుతారు. నా భయమంతా ఆ కథతోనే. మీ నాన్న ప్రాణాయామం పట్టిన కొత్తలో 'తల తేలిగ్గా ఉంది, ఇంకా ఈ బిళ్ళలెందుకు' అన్నాడు. మేము కోప్పడితే, వేసుకుంటున్నానని నమ్మించాడు. పక్షవాతం వచ్చి ఆసుపత్రిలో పడ్డాక, పంచెలు తీయబోయి బీరువా తెరిస్తే, మడతల మధ్య చింపని రక్తపోటు మాత్రల అట్టలు బయటపడ్డాయి. కుడిచేయి లేవక, మీ అమ్మ అన్నం కలిపి పెడుతుంటే మొహం గోడవైపు తిప్పుకునేవాడు. నీవప్పుడు పలక పట్టుకుని ఆ మంచం చుట్టూ తిరిగేవాడివి, నీకు గుర్తుండదు. వాడి మంకుపట్టు నీకూ వచ్చింది, వాడి రక్తపోటూ వచ్చింది.

సాధన వల్ల రక్తపోటు తగ్గితే సంతోషమే, కానీ మాత్ర తగ్గించవలసింది డాక్టరు. ఊపిరి బిగబట్టే అభ్యాసాలకు ముందు నీ జబ్బు సంగతి గురువుగారికి చెప్పు. కిందటిసారి రక్తపోటు ఎంత ఉన్నదో, ఏ మాత్ర వేసుకుంటున్నావో, ఈ ఉత్తరం అందగానే వ్రాయి నాయనా. అమ్మకు చెప్పనులే.

మీ అత్తయ్య