కూలీలు బొంబాయిలో ఉన్నప్పుడు జనరల్ బాడీ పెట్టకండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: కల్వకుర్తి దగ్గర వలస కూలీల హక్కుల సంఘం, సొసైటీగా రిజిస్టర్ అయింది, 140 మంది సభ్యులు, మనిషికి ఏడాదికి 100 రూపాయల చందా. కానీ అన్నీ అధ్యక్షుడు, ఆయన పక్కన ఉండే ఇద్దరే తేలుస్తున్నారు. సభ్యులకు అసలు ఏం అధికారం ఉంటుంది, ఆమ్నెస్టీ లాంటి పెద్ద మానవ హక్కుల సంస్థలు ఎలా నడుస్తాయి అని అడిగారు.

నేను నారాయణపేట వైపు ఇట్లాంటి సంఘానికే తొమ్మిదేళ్లు కోశాధికారిగా ఉన్నాను. వృత్తికి ఎల్‌ఐసీ ఏజెంటుని. రసీదు రాయనిదే పైసా ముట్టడని పేరుంది కాబట్టి ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. హక్కుల సంగతులు అప్పటికి నాకు తెలిసింది తక్కువ. అందుకే లాయరు లాగా కాకుండా, లెక్కలు రాసినవాడి లాగా చెబుతాను.

చట్టం సంగతి ముందు రెండు మాటల్లో. మన దగ్గర సొసైటీలు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఉంటాయి. అంతకు ముందు తెలంగాణ ప్రాంతానికి 1350 ఫస్లీ (నిజాం కాలపు సంవత్సరాల లెక్క) నాటి చట్టం వేరుగా ఉండేది. పాత సంఘాల సర్టిఫికెట్ల మీద ఆ ఫస్లీ సంవత్సరం ఇప్పటికీ కనిపిస్తుంది. ఏడుగురు కలిస్తే సొసైటీ పెట్టుకోవచ్చు. ఆశయాలు మెమొరాండంలో, నడిపే పద్ధతి బైలాలో రాసి జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేస్తారు. పెద్ద అధికారం సర్వసభ్య సమావేశానిది, అంటే జనరల్ బాడీది. అది కార్యవర్గాన్ని ఎన్నుకుంటుంది, లెక్కలు ఒప్పుకుంటుంది లేదా ఒప్పుకోదు, బైలా మారుస్తుంది. అధ్యక్షుడు ఆ జనరల్ బాడీ పెట్టిన మనిషి. కాగితం మీద ఇది ఏ సంఘంలోనైనా ఒకటే. మీ ఊళ్లో ఉన్న కష్టం కాగితానిది కాదు.

మా సంఘంలో జనరల్ బాడీని డిసెంబర్ 10న పెట్టేవాళ్లం. 1948లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటన చేసిన రోజు. బ్యానర్ మీద తేదీ చూస్తే గొప్పగా ఉండేది, పట్నం నుంచి ఒకరిద్దరు వక్తలు వచ్చేవాళ్లు, పత్రికలో చిన్న వార్త పడేది. బైలా ప్రకారం కోరం మూడో వంతు. 118 మందికి 40 మంది రావాలి. మొదటి ఏడు 23 మంది వచ్చారు. అరగంట వాయిదా వేసి, మళ్లీ కూర్చుంటే కోరం అక్కర్లేదని బైలాలో ఉన్న వాక్యం చదివి, ఎన్నికలు అయిపోయాయనిపించాం. రెండో ఏడు 19 మంది. మూడో ఏడు కూడా అంతే. వచ్చినవాళ్లందరూ టౌన్‌వాళ్లే: ఇద్దరు వకీళ్లు, రిటైరైన పంతుళ్లు, నాలాంటి ఏజెంట్లు, కిరాణం ఆయన.

మద్దూరు వైపు ఒక అక్క ఉండేది, బొంబాయిలో మట్టి పనికి పోయేది. ఒక ఎండాకాలం చందా కోసం ఇంటికి పోతే, నూరు రూపాయల నోటు చేతిలో పట్టుకుని ఇవ్వకుండా అంది: "మేం బొంబాయి పోయినంక మీటింగ్ పెట్టుకుంటరు, మేమొచ్చినంక చందా అడుగుతరు. గిదేం సంఘం సారూ?"

నాకు జవాబు దొరకలేదు. దసరా దాటిందంటే కోస్గి, మక్తల్, మద్దూరు పల్లెల్లో సగం ఇళ్లకు తాళాలు. ముసలోళ్లు, బడికి పోయే పిల్లలు మిగులుతారు. వానలు మొదలయ్యే నాటికి తిరిగొస్తారు. ఆ సంగతి తెలియనివాళ్లం కాదు. వలస మీదే మా సంఘం పెట్టుకున్నాం, వలస మీదే కరపత్రాలు వేశాం. కానీ వలస పోయినవాళ్లు లేని రోజునే వాళ్ల సంఘానికి పెద్దలను ఎన్నుకున్నాం. దురుద్దేశం ఎవరికీ లేదు. అదే అన్నిటికంటే తప్పు పని, ఎందుకంటే దురుద్దేశం ఉంటే ఎవరో ఒకరు పట్టుకునేవాళ్లు.

మరుసటి ఏడు తేదీ మార్చాం: మిరుగానికి, అంటే మృగశిర కార్తెకు, ముందు వచ్చే ఆదివారం. విత్తనాలు పెట్టే పని ఇంకా మొదలుకాదు, బొంబాయి బస్సులు దిగినవాళ్లు ఊళ్లోనే ఉంటారు. లెక్కలకు కూడా అదే మంచిదని తర్వాత తెలిసింది. మార్చి 31కి పద్దు మూసి, ఏప్రిల్, మే నెలల్లో ఆడిటర్‌కు ఇచ్చి, వెంటనే సభ్యుల ముందు పెట్టొచ్చు. డిసెంబర్‌లో పెడితే ఎనిమిది నెలల పాత లెక్క చదివేవాణ్ణి. ఎవరికీ గుర్తుండేది కాదు, ఎవరూ అడిగేవాళ్లు కాదు. ఆ మొదటి మిరుగం మీటింగ్‌కు 71 మంది వచ్చారు. రెండు గంటల్లో ముగిసేది సాయంత్రం దాకా సాగింది. జీపు కిరాయి కింద నేను రాసిన 2,400 రూపాయలు ఎందుకని ముగ్గురు అడిగారు. చెమట పట్టింది గానీ రసీదు ఉంది కాబట్టి బతికిపోయాను.

అందుకే మిమ్మల్ని ముందుగా అడిగేది: మీ జనరల్ బాడీ ఏ నెలలో జరుగుతుంది? ఆ నెలలో మీ 140 మందిలో ఎంతమంది ఊళ్లో ఉంటారు?

రెండోది సభ్యత్వ రిజిస్టర్. ఇక్కడ నా తప్పే చెప్పుకోవాలి. ఒక ఎన్నికల ఏడు, మీటింగ్‌కు మూడు రోజుల ముందు కార్యవర్గ సభ్యుడొకరు 43 మంది పేర్లు, 4,300 రూపాయలు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. చందా వచ్చిందని సంతోషపడి కూర్చుని 43 రసీదులు రాశాను. అందరూ రెండే ఊళ్లవాళ్లు అని గమనించలేదు. ఆ రెండు ఊళ్ల నుంచి గుంపులను తోలుకుపోయే గుంపు మేస్త్రీ ఈ సభ్యుడికి సొంత బామ్మర్ది. పైసలు కట్టింది కూడా మేస్త్రీయే. అంతకు నెల ముందే అదే మేస్త్రీ మీద మా దగ్గరికి ఫిర్యాదు వచ్చింది: అడ్వాన్సు ఇచ్చి, ఆ బాకీ తీరలేదని ఇద్దరిని పని స్థలం నుంచి కదలనివ్వలేదని. ఇది 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం కిందికి వచ్చే సంగతి. ఆర్డీవో దగ్గరికి పోవాల్సిన ఫిర్యాదు. ఆ ఫిర్యాదు మీద చర్చ జరిగినప్పుడు పేర్లు తెచ్చిన ఈ సభ్యుడు గారు కార్యవర్గంలో మా పక్కనే కూర్చుని, "ఇంకో మాట విచారిద్దాం" అంటూ వాయిదా వేయించాడు. ఇంట్ల ఈగల మోత, బయట పల్లకీల మోత అంటారు కదా, మా సంగతి అట్లే అయింది.

ఆ ఎన్నిక ఎలాగో గట్టెక్కింది. తర్వాత బైలాకు మూడు సవరణలు చేశాం. సభ్యత్వం తీసుకుని 90 రోజులు దాటనిదే ఓటు లేదు. చందా ఎవరిది వాళ్లే కట్టాలి, ఒకరి చేత్తో పదిమందివి తీసుకోం. కార్యవర్గం ముందుకొచ్చిన విషయంలో చుట్టరికం గానీ, బాకీ గానీ, వ్యాపారం గానీ ఉన్నవాళ్లు ఆ మాట చెప్పి గదిలోంచి బయటికి పోవాలి, పోయారని తీర్మానాల పుస్తకంలో రాయాలి. మూడోది అన్నిటికంటే కష్టం. మన పల్లెల్లో ఎవరికి ఎవరు చుట్టం కారు? మొదట్లో సగం మంది లేచి పోవాల్సి వస్తుందేమో అనిపించింది. తర్వాత అలవాటైంది. బయట వేపచెట్టు కింద చాయ్ తాగి వచ్చేవాళ్లు. ఇట్లాంటి సవరణలు జనరల్ బాడీలో పాస్ చేయించి, రిజిస్ట్రార్ ఆఫీసులో దాఖలు చేస్తేనే చెల్లుతాయి. నోటి మాటగా ఒప్పుకున్నవి తగాదా రోజున ఎవరికీ గుర్తుండవు.

ఓటర్ల జాబితాను మీటింగ్‌కు మూడు వారాల ముందు గోడకు అంటించడం కూడా అప్పుడే మొదలుపెట్టాం. చనిపోయిన ఇద్దరి పేర్లు దాంట్లో దొరికాయి. ఒకాయన చందా ఆయన పోయిన తర్వాత కూడా రెండేళ్లు జమ అయి ఉంది. అది ఎవరు కట్టారో ఈరోజుకీ తేలలేదు.

ఇప్పుడు ఆమ్నెస్టీ. 1961లో లండన్‌లో పీటర్ బెనెన్సన్ అనే వకీలు మొదలుపెట్టినది. దేశాల్లో సెక్షన్లు, అంటే శాఖలు ఉంటాయి, సెక్షన్లలో సభ్యులుంటారు. 2018 నుంచి సెక్షన్ల ప్రతినిధులు గ్లోబల్ అసెంబ్లీ పేరుతో ఏటా కూర్చుంటున్నారు. అంతకు ముందు రెండేళ్లకోసారి అంతర్జాతీయ కౌన్సిల్ జరిగేది. ఈ అసెంబ్లీ అంతర్జాతీయ బోర్డును ఎన్నుకుంటుంది. మనం టీవీలో చూసే సెక్రటరీ జనరల్‌ను ఎవరూ ఓటేసి ఎన్నుకోరు, బోర్డు జీతం మీద నియమిస్తుంది. ఈ తేడా మనవాళ్లకు చెబితే ఆశ్చర్యపోతారు. అక్కడ మాట్లాడే మనిషి ఉద్యోగి. ఆయనకో ఆమెకో పైన, జీతం లేకుండా, ఓట్లతో వచ్చిన బోర్డు. మన దగ్గర మాట్లాడేది, సంతకం పెట్టేది, చెక్కు రాసేది, మీటింగ్ పిలిచేది ఒక్కరే.

బ్రిటన్ సెక్షన్‌లో ఇంకో చిత్రం ఉంది. సభ్యులు ఏటా ఏజీఎంలో, అంటే వార్షిక సర్వసభ్య సమావేశంలో తీర్మానాలు పెట్టొచ్చు, బోర్డుకు ఓటేయొచ్చు. కానీ దాని పక్కనే ఒక చారిటీ ట్రస్టు విడిగా ఉంటుంది. ఎందుకంటే చట్టాలు మార్చమని ప్రభుత్వాల మీద ఒత్తిడి తేవడం రాజకీయ పని, చారిటీ కాదని అక్కడి కోర్టు 1981లో ఆమ్నెస్టీకి సంబంధించిన కేసులోనే చెప్పింది. అందుకే సభ్యులది ఒక సంస్థ, చారిటీది ఒక సంస్థ. మీరు ఎవరైనా ఆడిటర్‌ను ఆదాయపన్ను మినహాయింపు (12ఏ, 80జీ అని పిలిచేవి) కోసం కలిసినప్పుడు, ఆశయాల్లో ఏ మాట రాశారో ఒకటికి రెండుసార్లు అడుగుతాడు. ఆ మూలం ఇట్లాంటిదే.

పెద్ద సంస్థ కదా అని అన్నీ తెచ్చి మన మీద పెట్టుకోకండి. ఆమ్నెస్టీ తన పరిశోధనకు, ప్రచారానికి ప్రభుత్వాల పైసలు తీసుకోదు. అది మంచి మాట. కానీ బ్యాంకు ఖాతాలు స్తంభించాయని 2020 సెప్టెంబర్‌లో ఇండియాలో దాని పనులే ఆగిపోయాయి. మన నేల మీద పుట్టిన పద్ధతులు మీకు దగ్గర. జయప్రకాశ్ నారాయణ్ 1976లో మొదలుపెట్టిన పౌర హక్కుల సంస్థ పీయూసీఎల్, 1980లో సభ్యత్వ సంస్థగా మారింది. ఫండింగ్ ఏజెన్సీల డబ్బు ముట్టదు, సభ్యుల చేతి పైసలతోనే నడుస్తుంది. 1998లో బాలగోపాల్ గారు, ఇంకొందరు కలిసి పెట్టిన మానవ హక్కుల వేదిక మనుషులు నిజనిర్ధారణకు మా వైపు వచ్చినప్పుడు బస్సు టికెట్లు సొంతంగా కొనుక్కోవడం నేను కళ్లారా చూశాను. చందా చిన్నదే, కానీ పైసలు ఎవరివో అడిగే హక్కు చందా కట్టినవాళ్లదవుతుంది. మాకు ఒకసారి విదేశీ నిధుల ఆశ చూపించారు. ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద ఖాతా ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలోనే తెరవాలి, పాలనా ఖర్చు 20 శాతం దాటకూడదు అన్న సంగతులు విని మా కిరాణం ఆయన, "నూటికి నూరు ఇచ్చే అక్కలున్నారు, ఢిల్లీ ఎందుకు" అన్నాడు. అంతటితో వదిలేశాం.

మీ అధ్యక్షుడి విషయానికి వస్తే, కొట్లాట ముందు పెట్టుకోకండి. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ మీద ఏ ఆఫీసు ముద్ర ఉందో చూసి, అక్కడ మీ బైలా, చివరిగా దాఖలైన కార్యవర్గం జాబితా నకళ్లకు ఫీజు కట్టండి. ఏటా దాఖలు చేయాల్సిన ఆ జాబితా చాలా సంఘాల్లో నాలుగైదేళ్ల కిందే ఆగి ఉంటుంది. మీ ముగ్గురు పెద్దల పదవీకాలం ఎప్పుడో తీరిపోయి ఉండొచ్చు, వాళ్లకే తెలియకపోవచ్చు. బైలాలో ఇంతమంది సభ్యులు సంతకం చేస్తే ప్రత్యేక సమావేశం పిలవాలని ఒక వాక్యం ఉంటుంది. ఆ సంఖ్య వెతకండి. సంతకాలు మీ ఊరివాళ్లవే కాకుండా నాలుగు ఊళ్లవి ఉండాలి, లేకపోతే కులం పంచాయితీ అని కొట్టేస్తారు. బ్యాంకులో చెక్కు మీద ఎన్ని సంతకాలు కావాలో కూడా అడగండి. ఒక్కటే అయితే ఆ మీటింగ్‌లో మొదటి తీర్మానం దాని మీదే పెట్టండి.

ఎవరు అసలు కార్యవర్గమో తేల్చమని రిజిస్ట్రార్ దగ్గరికి పోయి లాభం లేదు. ఆయన కాగితాలు తీసుకుంటాడు, తగవు తీర్చడు. చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం సభ్యుల మధ్య తగవుకు ఆర్బిట్రేషన్ ఉంది, లేదా జిల్లా కోర్టు. కోర్టు దాకా పోయిన ఒక సంఘాన్ని దగ్గరగా చూశాను. తీర్పు వచ్చే నాటికి రెండు వర్గాల్లోనూ చందా కట్టేవాళ్లు మిగల్లేదు. కాబట్టి అది చిట్టచివరి దారి.

బైలా చేతికొచ్చాక కోరం ఎంత, నోటీసు ఎన్ని రోజులు, ప్రత్యేక సమావేశానికి ఎన్ని సంతకాలు అనే మూడూ ఇక్కడ రాయండి. నోటీసు కాగితం ఎట్లా రాయాలో చెబుతాను, మా పాతది ఒకటి ఇంకా ఫైల్లో ఉంది.