నరం అంటే ఏ కణజాలం?

సందేహం: తొమ్మిదో తరగతికి కణజాలాల పాఠం చెబుతూ ‘నాడి అంటే నరం’ అన్నాను. వెంటనే ఒక పిల్లవాడు లేచి, “నరమంటే మటన్ అంగట్లో ముక్కకు అంటుకోనొచ్చే తెల్లది గదా టీచర్, డాక్టరు సూది ఏసేది గూడా నరానికే గదా” అన్నాడు. ఆకులో కనపడేవి కూడా నరాలేనని ఇంకొకరు. వీటిలో ఏది సరైన వాడుక? ఈ మాట ఇంగ్లీషు ‘నర్వ్’ నుంచి వచ్చిందని తోటి ఉపాధ్యాయులు అంటున్నారు, నిజమేనా? ‘విభాజ్య కణజాలం’ (కణాలు విభజన చెందుతూ మొక్కను పెంచే కణజాలం) వంటి వాటికి మన మాటలు లేవా?
– ఒక ఉపాధ్యాయిని, జమ్మలమడుగు

సమాధానం: అమ్మా, మీ పిల్లవాడు చెప్పినవి రెండూ ఒప్పే. అతన్ని కూర్చోబెట్టి ఉంటే మళ్లీ లేపి నిలబెట్టండి. తప్పు ‘నాడి అంటే నరం’ అన్న సమీకరణంలో ఉంది.

ముందు ‘నర్వ్’ సంగతి. నరము అచ్చ తెలుగు మాట. తమిళంలో నరంబు, మలయాళంలో ఞరంబు, కన్నడంలో నర. మడకశిర, రాయదుర్గం వైపు రెండు భాషలూ మాట్లాడే ఇళ్లలో ఎవరినడిగినా ఇది చెబుతారు. ఇన్ని అక్కచెల్లెళ్లున్న మాటను ఇంగ్లీషు వాళ్లు తెచ్చి ఇచ్చారనడం అన్యాయం. రెండు మాటల ధ్వని కలిసినంత మాత్రాన చుట్టరికం కలవదు. ‘నర్వ్’కు నిజమైన బంధువు సంస్కృతంలో ఉంది: స్నావ, స్నాయు. గ్రీకు ‘న్యూరాన్’ ఆ కుటుంబంలోదే. దానికి మొదటి అర్థం మెదడుకు సంబంధించినది కాదు. కండను ఎముకకు కట్టే పట్టీ, వింటి నారి. క్రీ.పూ. 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో హెరోఫిలస్ వంటి వైద్యులు మృతదేహాలను కోసి, మెదడు నుంచీ వెన్నుపాము నుంచీ వచ్చే తాళ్లు వేరు, కండరాల కొసన ఉండే తాళ్లు వేరు అని గుర్తించాకే ఆ మాట మెల్లగా ఇటు జరిగింది. కంటికి రెండూ తెల్లటి తాళ్లే. కోసి, అవి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో చూసేదాకా ఏ జాతి వాళ్లకైనా ఒకే మాట సరిపోయింది. మన నరానికీ జరిగింది అదే.

తమిళంలో నరంబుకు యాళ్ అనే వీణ తంత్రి అన్న అర్థం కూడా ఉంది. జంతువు దేహం నుంచి తీసిన పోగును సాగదీసి వాద్యానికి కట్టేవాళ్లు కదా. బిగుతు, పోగు, కట్టు అన్న మూడు భావాలూ ఈ మాటలో మొదటి నుంచీ ఉన్నాయని నా అభిప్రాయం. ఈ అర్థం గుర్తుంటే, క్రికెట్ వార్తల్లో రోజూ అరిగిపోతున్న ‘నరాలు తెగే ఉత్కంఠ’కు కూడా మంచి వ్యాఖ్యానం దొరుకుతుంది. అతిగా బిగించిన తంత్రి తెగుతుంది, నాడి తెగదు. రాసేవారు ఆ సంగతి తలచి రాస్తే సంతోషించేవాణ్ణి. ప్రతి ఆఖరి ఓవరుకూ నరాలు తెంచుతున్నారు, అది బాగాలేదు.

ఇక నార. చెట్టు నారకూ ఒంటి నరానికీ పని ఒకటే, కట్టడం. నిఘంటుకర్తలు రెండింటినీ వేరు వేరు పదాలుగానే పెట్టారు. ధాతువు ఒకటేనని నేనూ పట్టుబట్టను. అయితే పనిలో ఈ రెండూ ఎంత దగ్గరివో సుశ్రుతుడు ఒకేచోట చూపాడు. గాయం కుట్టడానికి పనికివచ్చే దారాలు చెబుతూ సన్నని నూలు, అశ్మంతక చెట్టు పట్ట, జనుము, అవిసె నార, స్నాయువు, వెంట్రుక, మూర్వ, తిప్పతీగ పోగులు అని వరసగా లెక్కించాడు. మొక్క కణజాలమూ జంతు కణజాలమూ అక్కడ ఒకే సూదిలోకి ఎక్కాయి. ఆ మూర్వ మన చాగనార. దానితో పేనిన అల్లెత్రాటికే, అంటే వింటి నారికే, ‘మౌర్వి’ అని పేరు. ప్రబంధాలు చదివేవారికి మౌర్వి తెలుసు, చాగ తెలియదు. సైన్సు చదివేవారికి రెండూ తెలియడం లేదు. నా బాధ అది.

మీ పాఠానికి పనికొచ్చే భాగానికి వస్తాను. మటన్ అంగడిలో ‘నరం’ అనే పేరుతో నాలుగైదు వస్తువులు దొరుకుతాయి, వాటిని వేరు చేయడం కష్టం కాదు. తొడ కండ కొసన తెల్లగా మెరుస్తూ, ఎంత లాగినా సాగనిది స్నాయుబంధనం. కండను ఎముకకు కట్టేది ఇదే. ఇందులో కొల్లాజెన్ అనే ప్రోటీను పోగులు ఒకే దిక్కుకు దట్టంగా పేర్చి ఉంటాయి, అందుకే లాగుడును తట్టుకుంటుంది. గంటల తరబడి ఉడికితే ఆ కొల్లాజెన్ జెలటిన్‌గా కరుగుతుంది. కాళ్ల చారు చల్లారితే గడ్డకట్టేది దానివల్లనే. మెడ వెనక పసుపుపచ్చగా, లాగితే సాగి వదిలితే ముడుచుకునే పట్టీ ఒకటి ఉంటుంది. తల వంచి మేసే జీవాలకు తల బరువును మోసే సంధిబంధనం, అంటే ఎముకను ఎముకకు కట్టే పట్టీ, అది. అందులో ఎక్కువ పాలు ఎలాస్టిన్ అనే సాగే ప్రోటీను, అది ఎంత ఉడికినా కరగదు. “నరం ఉడకలేదు” అని వంటమనిషిని తిట్టే ముందు అది ఏ నరమో చూడాలి. కండల మధ్యగా పోయే, మెరుపు తక్కువైన తెల్లటి తాడును అడ్డంగా కోస్తే నడుమ బోలు కనిపించదు. అది నాడి. కోసినా నోరు తెరుచుకునే ఉండే మందపాటి గొట్టం ధమని. కోయగానే అణగిపోయే పలుచటిది సిర. నిక్కచ్చిగా అంటే ఈ గొట్టాలు ఒక్కో కణజాలం కావు. లోపల ఉపకళ, నడుమ నునుపు కండరం, పైన సంయోజక కణజాలం కలిస్తే ఒక గొట్టం. ఈ మాట పిల్లలకు తప్పక చెప్పండి.

తరగతిలో చూపడానికి ఒక కోడికాలు చాలు. మోకాలి కింద నరికిన చోట, కాలి వెనకవైపున తెల్లటి కొసలు కనిపిస్తాయి. ఒకదాన్ని చిమటాతో పట్టి లాగితే వేళ్లు ముడుచుకుంటాయి. ముందువైపు దాన్ని లాగితే చాచుకుంటాయి. లాగినా వేళ్లు కదలలేదంటే మీరు పట్టుకున్నది నాడో రక్తనాళమో, లేదా కొస పైతోలుకు అతుక్కుని ఉంది. చుట్టూ తోలు ఒక అంగుళం వలిచి మళ్లీ లాగండి. పని అయ్యాక అందరూ సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

మాట కలగలిస్తే ఏమవుతుందంటారా? కొడవలి తగిలిన మనిషిని ఆసుపత్రికి తెచ్చి “నరం తెగింది” అంటే వైద్యుడికి తెలిసేది సగమే. నల్లటి ఎరుపుతో నిలకడగా కారితే సిర. ఎర్రగా, గుండె కొట్టుకున్నట్టల్లా ఎగజిమ్మితే ధమని. రెండింటికీ శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టి తీసుకురావాలి. నెత్తురు తక్కువే పోయినా వేలు ముడవడానికి రాకపోతే తెగినది స్నాయుబంధనం కావచ్చు. వేలు కదులుతున్నా ఒక పక్క తాకితే తెలియకపోతే నాడి దెబ్బతిని ఉండవచ్చు. కదలిక, స్పర్శ, నెత్తురు అని మూడు మాటలు చెబితే చాలు, నరం అన్న మాట అక్కడ అవసరమే లేదు.

మన పలుకుబళ్లను ఇలాగే విప్పి చూడండి. నరానికి సూది అంటే సిర. పిక్క నరం పట్టేసింది అంటే కండరం. కాలు మడతపడి నరం బెణికింది అంటే సంధిబంధనం. చేతుల మీద నరాలు తేలాయి అంటే మళ్లీ సిరలు. నరాల డాక్టరు అన్నచోట మాత్రం నాడులు.

సంస్కృతం మాట పెట్టేస్తే ఈ గందరగోళం ఉండదని పండితులు కొందరు అంటారు. ‘స్నాయువు’నే చూడండి. సుశ్రుతుడు 900 స్నాయువులు లెక్కించాడు; పలకలను కట్లతో బిగించిన పడవ నీటిలో బరువు మోసినట్టు, స్నాయువులతో కట్టిన కీళ్ల వల్ల మనిషి బరువు మోస్తున్నాడన్నాడు. అంటే కట్టే పట్టీ అని స్పష్టం. ఆ మాటే నేడు బెంగాలీలో నాడి. మరాఠీలో, కన్నడంలో కండరం. అనంతపురం దాటి బళ్లారి వెళ్లేసరికి స్నాయువు పట్టీ కాస్తా కండ అయిపోతుంది! నాడి కథా అంతే. నళం అంటే రెల్లు. నాళీ, నాడీ అంటే బోలు గొట్టం. ఋగ్వేదం పదో మండలంలో యముడి ఇంట ఊదే పిల్లనగ్రోవి పేరు నాళి. ‘ధమ్యతే నాళీః’ అన్న ఆ మంత్రంలో క్రియ ధమించడం, అంటే ఊదడం. ధమని పుట్టింది కూడా ఆ ధాతువులోనే. చరకుడు ‘ధ్మానాత్ ధమన్యః, సరణాత్ సిరాః’ అని నిర్వచించాడు. ఊదినట్టు ఉబ్బేది ధమని, పారేది సిర. వైద్యుడు మణికట్టు పట్టి నాడి చూస్తాడంటే అది ధమనే, బోలుగా ఉండేదే. అలాంటి మాటను తెచ్చి, నడుమ బోలు లేని ఆ తెల్ల తాడుకు పెట్టారు మన పాఠ్యపుస్తకాల్లో. అందుకే ఒక పేజీలో ‘నాడీ స్పందన’ గుండెకు, ఇంకో పేజీలో ‘నాడీ కణం’ మెదడుకు చెందుతున్నాయి. తమిళులు నరంబు మండలమనీ కన్నడిగులు నరమండలమనీ ఇంటి మాటతో ధైర్యంగా పెట్టుకున్నారు. మనకు ఆ ధైర్యం లేకపోయింది.

కాబట్టి పాఠంలో సిర, ధమని, నాడి, స్నాయుబంధనం, సంధిబంధనం అని విడివిడిగానే చెప్పండి. పరీక్షలో అవే రాయాలి. ఇంటి మాటల్లో నరం ఉండనివ్వండి. అయితే పిల్లలెవరైనా నరం అంటే ‘ఏది?’ అని అడగండి. ఒక్క అర్థమే ఉంచాలంటే నా మొగ్గు స్నాయుబంధనం వైపు. కానీ ‘నరాల జబ్బు’ జనంలో ఇంతగా నాటుకున్నాక దాన్ని పీకమని శాసించలేను.

ఆకు విషయంలో ఆ మెత్తదనం లేదు. ఆకువి ఈనెలు. దారువు పైవైపు, పోషక కణజాలం కిందివైపు ఉండి నీళ్లనూ తిండినీ మోస్తాయి. రావి ఆకును కొన్ని వారాలు నీటిలో నానబెట్టి, కుళ్లిన మెత్తటి పదార్థాన్ని కుంచెతో మెల్లగా కడిగితే ఈనెల వల మిగులుతుంది. తొందరపడి రుద్దితే చిన్న ఈనెలు చిరిగిపోతాయి. ఇంత ముచ్చటైన మాట ఉండగా ‘ఆకు నరాలు’ ఎందుకు? దారువు ముదిరి, నీళ్లు మోయడం మానిన నడిమి భాగానికి ‘చేవ’ అని పేరుంది. శేషాచలం ఎర్రచందనంలో ఎరుపంతా చేవలోనే; చుట్టూ ఉన్న తెల్ల కర్రలో ఉండదు.

విభాజ్య కణజాలానికి ఒక్క మాట లేదు, చోటును బట్టి ఉన్నాయి. కొబ్బరి, ఈత చెట్ల నెత్తిన మొవ్వ. అది తీస్తే చెట్టు చస్తుంది, అగ్ర విభాజ్య కణజాలం అక్కడొక్కచోటే కనుక. గడ్డిజాతి మొక్కల్లో కణుపు మీది లేతభాగం. మీ పక్క పొలాల్లో బుడ్డల (వేరుశనగ) చెట్టుకు పూత రాలాక నేలలోకి దిగే ఊడ మరీ మంచి ఉదాహరణ. కొనన ఉన్న అండాశయం అడుగున మధ్యస్థ విభాజ్య కణజాలం కణాలను చేరుస్తూ పోతుంది, ఆ తోపుడుకు అండాశయం మట్టిలోకి దిగుతుంది. పైమట్టి గట్టిపడితే ఊడ దిగదు, దిగని ఊడకు కాయ లేదు. ఊడలు దిగే వేళకు పిల్లల్ని చేనికి తీసుకెళ్లి, ఒక చెట్టు పీకి చూపండి.